గంపలో పెద్ద పండ్లు

సీతాఫలాల వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఏడో తరగతి ఇంగ్లిష్ పాఠమే గుర్తొస్తుంది. మనం చూడనప్పుడు ఎవరైనా మన వస్తువు తీసుకుంటే థెఫ్ట్, ఎదురుగా నిలబడి భయపెట్టి గుంజుకుంటే రాబరీ అని చెప్పి, సారు ఉదాహరణ అడిగారు.

నేను చెయ్యెత్తాను. మా అమ్మ పొద్దున్నే అడవిలో సీతాఫలాలు తెంపి, అమ్మడానికి అచ్చంపేట బస్టాండుకు మోసుకుపోయేది. దారిలో ఫారెస్టు గార్డు గంప దింపించి, కండ్లు విచ్చి పక్వానికొచ్చిన పెద్ద పండ్లన్నీ ఏరుకునేవాడు. అమ్మ మిగిలినవి సర్దుకుని గంప మళ్లీ నెత్తికెత్తుకునేది.

"గార్డు మా అమ్మను రాబరీ చేస్తడు సార్," అన్నాను.

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "అడివి సర్కారుది. మీ అమ్మ తెంపుడే థెఫ్ట్. కూసో."

ఇంటికొచ్చి అమ్మనడిగాను: "అమ్మా, మనం దొంగలమా?"

జరిగిందంతా విని అమ్మ నన్ను తిట్టలేదు, భయపడింది. "గార్డు చెవిల వడితే మల్ల అడివిల అడుగు వెట్టనియ్యడు బిడ్డా. నీకెందుకే గా ముచ్చట?" అంది. మర్నాడు గంపలోంచి నాలుగు పెద్ద పండ్లు తీసి, సారుకిమ్మని నా చేతికిచ్చింది.

సారు ఒక్కో పండూ నొక్కి చూసి సంచిలో వేసుకున్నారు. "ఎప్పటికి పండుతయే?" అని అడిగారు.

గార్డు మీద, సారు మీద కోపం ఎప్పుడో చల్లారింది. చేతులు కట్టుకుని "రెండు రోజులల్ల పండుతయి సార్" అని చెప్పిన నా మీద మాత్రం ఇంకా చల్లారలేదు.