మూడు తేదీలు ఎగ్గొట్టిన టైలరు

మా బావ టైలరు. ఆయన కుట్టిన కోటు తొడిగితే చేలో బెదురు బొమ్మకు కూడా ఉద్యోగం వస్తుంది. తొమ్మిదో తరగతిలోనే బడికి సెలవిచ్చేసి బావ షాపులో చేరినవాణ్ణి, ఇలాంటివి చూడటానికి నాకు బోలెడు తీరిక.

అంతటి మనిషికి రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగిందని డాక్టరు మాత్రలు రాసి, మూడు నెలలకు రమ్మన్నాడు. మాత్రలు అయిపోగానే బావ మానేశాడు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన తేదీలు మూడూ ఎగ్గొట్టాడు. మొదటిసారి కాలర్ల పని, రెండోసారి కాజాల పని, మూడోసారి కత్తెర మొండికేసిందట. వాళ్ల నాన్న యాభై ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. బావకిప్పుడు నలభై తొమ్మిది. మా అక్కకు అదే బెంగ.

"నా ఒంట్లో నలత లేదు. కొలతలు వాళ్ల పుస్తకంలో ఉన్నాయిగా," అనేవాడు బావ, ఫోన్లో ఆసుపత్రివాళ్లకైనా, మాకైనా.

"అవి పాత కొలతలండీ," అనేది అక్క.

"నడుము అంగుళమైనా పెరిగిందా, చూడు."

"కొలిచేది నడుము కాదు బావా, నెత్తురు," అన్నాను.

"నువ్వు గుండీలు కుట్టరా."

ఒక మధ్యాహ్నం ఆ ఆసుపత్రి నర్సు, బావకు ఫోన్లు చేసి చేసి విసిగిపోయినావిడే, కుట్టడానికిచ్చిన తన కోటు కోసం షాపుకు వచ్చింది.

"ఒకసారి వేసి చూడండమ్మా," అన్నాడు బావ.

"ఎందుకు మాస్టారూ? కొలతలు మీ పుస్తకంలో ఉన్నాయిగా. కవర్లో పెట్టేయండి."

"మూడు నెలల నాటివమ్మా. మనిషి అలాగే ఉంటాడా?"

"నేను బాగానే ఉన్నానండీ."

"బాగానే ఉన్నామనుకునేవాళ్లకే చంకలో పిగిలిపోయేది."

బావకు అన్నం తెచ్చిన అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్విన నవ్వుకు పైనున్న ఫ్యాను రెండు చుట్లు వెనక్కి తిరిగింది. నర్సు మాత్రం కోటు తొడుక్కోకుండా బావనే చూస్తూ నిలబడింది. బావ నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పరగడుపున ఆసుపత్రికి వెళ్లాం. నెత్తురు తీయడానికి చేతికి పట్టీ కట్టే అమ్మాయికి, "కాస్త వదులుగా తల్లీ, ముడత పడుతోంది," అని పాఠం చెప్పాడు. సాయంత్రం ఫలితం వచ్చింది. కొలెస్ట్రాల్ అంకె మళ్లీ మొదటి చోటికే ఎక్కి కూర్చుంది.

"చెయ్యి దాటిపోలేదు. మాత్రలు అయిపోతే కొనుక్కోండి, ఆపకండి. ఆరు వారాలకు రండి," అన్నాడు డాక్టరు.

వీధి చివర బావ ఆగాడు.

"మీ అక్కకు నువ్వే చెప్పరా."

"ఏమని?"

"ఆరు వారాల తర్వాత, డాక్టరు రమ్మన్న రోజు, షాపు తీయనని."