ఎడమ గోడకు ఆనుకున్న ఊళ్ళు

కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యోమని అరుస్తుంది. జిరాక్స్ మిషను నడుమలో ఆగిపోయి, వేడెక్కిన కాగితం వాసన గదంతా కమ్ముకుంటుంది. పెనుకొండ బస్టాండు వెనక వీధిలో ఉన్న మా కంప్యూటర్ సెంటర్‌లో ఇది రోజూ ఉండే భాగోతమే. అయినా ఆ కూతా ఆ వాసనా కలిసి వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూస్తాను. "ఏమే మణీ, చూసినావా, చూడకుండానే సింగారిస్తాండావా?" అని ఎవరో అడిగినట్టు ఉంటుంది. వెనక గోడ తప్ప ఎవరూ ఉండరు. అలా అడిగే ఎస్తేరక్క పోయి చాలా రోజులైంది.

ఈ సెంటర్ ఆమెదే. నాకు పని నేర్పింది ఆమే. అంతకుముందు నేను హిందూపురం పక్కన ఒక గార్మెంట్స్‌లో చొక్కాలకు కాలర్లు కుట్టేదాన్ని. సూపర్‌వైజర్ నడకను అనుకరించి లైనంతా నవ్వించినందుకు నన్ను పంపించేశారు. ఆ నడకే అలాంటిది, నేనేం చేసేది? చదువు సంగతి అడిగితే ఎస్తేరక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను: "నేను బడి మానలేదక్కా. మా ఊర్లో బడే ఏడో తరగతి కాడ ఆగిపోయింది. బండి ముందుకు పోకపోతే ఎవురైనా దిగాల్సిందే గదా." ఆమె నవ్వలేదు. "దిగినావు సరే, నిలబడి ఉండావా కూర్చున్నావా?" అంది. మరునాటి నుంచి నన్ను కీబోర్డు ముందు కూర్చోబెట్టింది.

ఎస్తేరక్కది ధర్మవరం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ప్రాణం. వాళ్ళ నాయన పట్టాల మీద గ్యాంగ్‌మన్. పట్టా విరిగినట్టు కనపడితే, అది ఎవరి తప్పు, ఎప్పుడు విరిగింది అని పంచాయితీ పెట్టకుండా ఎర్రజెండా పట్టుకొని ఎదురుగా నిలబడేవాడట. "ఎంత పెద్ద రైలైనా ఆగాల్సిందే మణీ. మా నాయన సైజు చూసి కాదు, జెండా చూసి," అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. వాళ్ళ నాయన జెండా పట్టింది ఒక్కసారేనని నా అనుమానం. ఆ సంగతి ఆమె ముందే అన్నాను కూడా.

చిలమత్తూరు దాటి కర్ణాటక అంచున ఉండే మా ఊరి బడికి ఎనిమిదో తరగతి తేవాలని ఊరంతా అర్జీ పెట్టిన ఏడాది నా కూతురు గౌరి, ఊర్లో మా అమ్మ దగ్గరుండి, ఏడో తరగతి చదివేది. ఎనిమిది రాకపోతే నా బిడ్డ కూడా నేను దిగినచోటే దిగాలి. పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ తప్ప బస్సులేని దారి మాది. కూలికి బెంగళూరు పోయే ఇళ్ళలో ఆడపిల్లను ఎనిమిదో తరగతికని చిలమత్తూరు దాకా ఎవరు పంపుతారు? ఆ దారి పొడుగునా ఉన్న ఊళ్ళన్నిటిలో ఎంత జనముందో చూపిస్తే గానీ అర్జీ కదలదన్నారు. జనాభా లెక్కల వెబ్‌సైటులో ఊరివారీగా ఉన్న అంకెలు ఎవరైనా తీసుకోవచ్చు. అక్క వాటిని దింపి, ఎక్సెల్‌లోకి ఎక్కించి, మా దారిలోని ఊళ్ళను ఏరి, కింద మొత్తం వేసింది. ఆ తర్వాత గడుల్లోని అంకెలన్నిటినీ మధ్యకు జరిపింది. పైన నీలం రంగు వేసింది. పెండ్లికూతురిలా ఉంది ఆ కాగితం.

అర్జీని విద్యాశాఖ ఆఫీసుకు తీసుకుపోయిన రంగప్ప, మా ఊరి పెద్దరైతు, పదిరోజుల్లో ముఖం వేలాడేసుకొని వచ్చాడు. "ఏమమ్మా, మీరిచ్చిన కాగితంలోనే జనం తక్కువుండారంట. దీనికి ఎనిమిదో తరగతి యాడొస్తాదని ఆఫీసులో సారు నవ్వినాడు."

అక్క ఫైలు తెరిచింది. ఆ మధ్యకు జరిపిన అలంకారం తీసేసింది. చిన్న ఊళ్ళ అంకెలన్నీ గడిలో కుడివైపుకు పోయి నిలబడ్డాయి. పెద్ద ఊళ్ళవి మాత్రం ఎడమ గోడకు ఆనుకున్నాయి. వెయ్యి దాటిన అంకెల్లో కామా ఉంటుంది. ఎక్కించేటప్పుడు ఆ కామాను చూసి కంప్యూటర్ వాటిని అంకెలు కాదు, ఉత్త రాతలనుకుంది. రాతలు ఎడమకు పోతాయి, కూడికలోకి రావు. కంటికి కనపడతాయి గానీ లెక్కలో ఉండవు. ముందే చూసుంటే ఇట్టే తెలిసేది. అక్క సింగారం దాన్ని కప్పేసింది.

"అక్కా, మా ఊరు సూడు, పనీపాటా లేకుండా గోడకానుకొని బీడీ తాగుతాండాది," అన్నాను. ఏడుపు వస్తే నాకు ఎగతాళే వస్తుంది. గౌరి పుస్తకాల సంచి నా కళ్ళ ముందు ఆడుతోంది.

రంగప్ప గొంతు తగ్గించాడు. "ఇంగ గమ్మునుండండమ్మా. వెబ్‌సైటోళ్ళే తప్పు లెక్కలు పెట్టినారని చెబుదాం. మన పరువు మనకుంటాది."

"పరువు ఉంటాది అప్పా, బడి ఉండదు," అంది అక్క. "ఆ లెక్కలే తప్పని నోటితో చెప్పినాక, రేపు అవే లెక్కలు చూపిచ్చి జనం ఉండారంటే ఎవురు నమ్ముతారు? తప్పు ఆడ లేదు, ఈడ ఉండాది. నా చేతిలో."

మరునాడు ముగ్గురం ఆఫీసుకు పోయాం. లోపలున్న సారు మేం సరిచేసిన కాగితం వంక చూడనే లేదు. "పోయినసారి ఒక లెక్క, ఈసారి ఒక లెక్క. వచ్చేసారి ఎంతమ్మా?" అన్నాడు. పక్క టేబుళ్ళ వాళ్ళు నవ్వారు. నేనైతే తల దించుకునేదాన్ని, లేకపోతే ఆయన గొంతును అనుకరించి గెంటించుకునేదాన్ని. ఎస్తేరక్క ఆ రెండూ చేయలేదు. సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఆయన టేబులు మీద పెట్టింది.

"తప్పు నాది సార్. పిల్లోళ్ళది కాదు. మీ ముందరే మళ్ళా దింపుతాను, మీరే చూడండి."

"ఇప్పుడు టైం లేదు. సోమవారం రాండి."

"అట్లే సార్. సోమవారం దాకా ఈడనే ఉంటాం. మణీ, ఆ బెంచీ ఇట్లా లాగు."

లాగాను. కాళ్ళు నేలకు రాసుకొని ఆ బెంచీ చేసిన చప్పుడుకు ఆఫీసంతా తిరిగి చూసింది. నిజానికి ఎత్తి పెట్టొచ్చు. పెట్టలేదు. కాసేపటికి సారు విసుక్కుంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నెట్టు నత్తలా నడిచింది. ఫైలు దిగింది. అక్క ముందు తప్పుగా ఎక్కించి చూపించింది, ఊళ్ళు ఎడమకు ఎలా పోతాయో వేలు పెట్టి చూపించింది. తర్వాత కామాలు తీసేసింది. మా ఊరు గోడ వదిలి కుడివైపుకు వచ్చి నిలబడింది. కింద మొత్తం మారిపోయింది. సారు వెబ్‌సైటులోని అంకెలతో తనే ఒక్కో ఊరూ పోల్చుకున్నాడు. "మళ్ళీ పరిశీలించవలసినది" అని అర్జీ మీద రాసి సంతకం పెట్టాడు. "ఇంత మొండితనం యాడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు.

"రైలు పట్టాల మీద సార్," అంది అక్క.

బడులు తెరిచే నాటికి మా ఊరికి ఎనిమిదో తరగతి వచ్చింది. గది రాలేదు. వరండాలో తడికె అడ్డం పెట్టారు. గౌరి ఆ తడికె వెనకే కూర్చుంది. మొదటిరోజు నేనూ పోయి ఆ తడికె లోపల కాసేపు నిలబడ్డాను. నా బండి ఆగిన చోటు దాటి అవతల ఏముంటుందో చూద్దామని. ఏముంది, ఇంకో నల్లబల్ల. దాని కోసమే ఇంత యుద్ధం!

ఇప్పుడు సెంటర్ నేనే నడుపుతున్నాను. ఇందాక అమరాపురం వైపు నుంచి ఒకాయన వాళ్ళ ఊరికి ఆసుపత్రి కావాలని అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు. జనాభా లెక్కలు దింపుతుండగానే కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలైంది. ఆయన తెరలోకి తొంగి చూసి, "అంకెలన్నీ నడిమికి పెట్టమ్మా, అందంగా ఉంటాది," అన్నాడు.

"ఉండప్పా. ముందు గోడకానుకొని ఎవురుండారో చూడనీ."

ఒకటి కాదు, మూడు ఊళ్ళున్నాయి. యూపీఎస్ అరుస్తూనే ఉంది. అరవనీ. వాటిని ఒక్కొక్కటిగా గోడ దగ్గర నుంచి లేపి కుడివైపుకు తెచ్చి నిలబెట్టాకే కుర్చీలోంచి లేచాను.