బూడిద కుండలో జొన్నలు

పట్నంలోని మట్టెవాడ నుంచి మరిపెడ దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్లేనాటికి వ్యవసాయం గురించి నాకు తెలిసింది ఒక్కటే, బియ్యం కంట్రోల్ దుకాణంలో పండుతాయి. డెబ్బైల నాటి కరువు రోజులవి. వరసగా రెండో ఏడు కూడా వాన మా ఊరి ముఖం చూడలేదు. చెరువులో పిల్లలు గోలీలాడుకునేవారు. మా ఇంట్లో పొద్దున అంబలి, మధ్యాహ్నం మక్కగట్క, రాత్రికి పొద్దుటి అంబలి గురించిన కబుర్లు.

మా అత్తమ్మ, మా ఆయన పొద్దున్నే తట్టా పారా పట్టుకొని కరువు పనికి పోయేవారు. సర్కారు పోయిస్తున్న రోడ్డుకు మట్టి మోయడం ఆ పని. కొత్త కోడలు ఎండలో మాడితే నలుగురూ నవ్వుతారని నన్ను ఇంట్లోనే ఉంచారు. ఊరికే కూర్చొని తినాలంటే సిగ్గుగా ఉండేది. తినడానికి పెద్దగా ఏమీ లేదన్నది వేరే సంగతి.

ఒకరోజు ఇల్లు సర్దుతుంటే అటక మీద ఓ కుండ దొరికింది. మూతికి పేడ మెత్తి ఉంది. గోకి తీస్తే లోపల జొన్నలు, వాటి నిండా బూడిద, ఎండిన వేపాకులు. మా అత్తమ్మ శుభ్రత మీద నాకు అనుమానం కలిగింది ఆనాడే. మట్టెవాడలో మేం బూడిదతో గిన్నెలు తోముకుంటాం కానీ గింజల్లో పోసుకోం. పాపం, పనుల్లో పడి పెద్దామె ఈ కుండను మరిచిపోయి ఉంటుంది, చూశావా నేను కనిపెట్టాను అని మురిసిపోయాను.

మూడు నీళ్లు పోసి కడిగాను. ఆ ఎండకు గంటలో గింజలు గలగలలాడాయి. గిర్నీకి తీసుకుపోయి పిండి పట్టించాను. రొట్టెలు చేయడం మాత్రం మా అమ్మ బాగా నేర్పింది. వాసనకు చుట్టుపక్కల వాళ్లంతా గడపలోకి తొంగిచూశారు. గొప్పకు పోయి ఇంటికి రెండేసి పంచాను. పక్కింటి చాచీకి నాలుగు ఇచ్చాను, మీ అత్తకు మంచి కోడలు దొరికిందని ఆమె అన్నందుకు. సగం పిండి అక్కడే అయిపోయింది.

సాయంత్రం అత్తమ్మ వచ్చి కాళ్లు కడుక్కొని కూర్చుంది. మొదటి రొట్టె గబగబా తింది. రెండోది తుంచుతూ, "తియ్యగున్నయి బిడ్డా. ఏడియి ఈ జొన్నలు?" అంది.

"అటక మీది కుండలయి అత్తమ్మా. బూడిద పడ్డది, మంచిగ కడిగిన."

తుంచిన ముక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన నమలడం మానేశాడు.

"అవి ఇత్తుల జొన్నలే పిల్లా," అంది మెల్లగా. "పురుగు పట్టకుంట బూడిద కలిపి దాసిన. పోయినేడు కడుపుల కాళ్లు పెట్టుకొని పండుకున్నం గని, ఆ కుండ ముట్టలే."

తిట్టి ఉంటే బాగుండేది. రేపు వాన పడితే మా రెండెకరాల్లో విత్తడానికి ఇంట్లో గింజ లేదు. కొందామన్నా ఊళ్లో ఎవరి దగ్గరా మిగులు లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అత్తమ్మ ఆ ముక్కను నోట్లో పెట్టుకొని, "ఇగ తిను. కాల్చినయి మొలుస్తయా?" అంది.

రెండేళ్లు రాని వాన నన్ను బజారున పెట్టడానికే అన్నట్టు సరిగ్గా వారానికి వచ్చింది. ఊరంతా వానకు దండం పెడుతుంటే, నాలుగు రోజులు ఆగి రావద్దా అని వంటింట్లో కూర్చొని తిట్టుకున్నది నేనొక్కదాన్నే.

సంగతి అప్పటికే ఇల్లిల్లూ తిరిగినట్టుంది, తెల్లారి చాచీ వచ్చింది. కొంగులో దోసెడు పచ్చజొన్నలు. "నీ రొట్టె తిన్నం గద, ఇగో. జర పైలం బిడ్డా, కడుగకు," అంది.

ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు. నా రొట్టె తిన్న ప్రతి ఇల్లూ తమ బూడిద కుండలోంచి పిడికెడో దోసెడో తెచ్చింది. వాళ్లకూ చాలీచాలని గింజలే. తెల్లవి, పచ్చవి, ఎర్రవి అన్నీ కలిపితే ఒక ఎకరానికి సరిపోయాయి. రెండో ఎకరం ఆ ఏడు పడావు పడింది.

ఇక ఆ చేను అందం చూసి తీరాలి. ఒక మొక్క నడుమెత్తు, దాని పక్కది నిలువెత్తు. ఒకటి కంకి వేస్తే ఇంకొకటి ఇంకా ఆలోచిస్తూ ఉండేది. ఊరివాళ్లు దానికి పట్నం కోడలి చేను అని పేరు పెట్టారు. బాటన పోయేవాళ్లు ఆగి మరీ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, తల మాత్రం ఎత్తేదాన్ని కాదు.

కోతలప్పుడు అత్తమ్మ చేనంతా తిరిగి పెద్ద పెద్ద కంకులు ఏరింది. ఎండబెట్టి, కొట్టి, ఆ గింజలనూ పాత కుండనూ తెచ్చి నా ముందు పెట్టింది. మా ఊళ్లో విత్తనం దాచేది ఇంటి పెద్దామె. అందులో ఇంకొకరి చేయి పడనివ్వరు.

"బూడిద నువ్వే కలుపు," అంది.

కుండ అడుగు దాకా చేయి పెట్టి కలిపాను. వేపాకు వేశాను. మూతికి పేడ మెత్తాను. అత్తమ్మ కుండను చుట్టూ తిప్పి చూసి, అటక దాకా పోయి, ఏమనుకుందో వెనక్కి వచ్చి నా చేతిలో పెట్టింది.

"ఎక్కడ దాస్తవో నువ్వే దాయి. నాకు సుత చెప్పకు. పోయినేడు రెండుసార్లు మూత దాక పోయింది నా చెయ్యి."