నాడి చూశాక తాగని చాయ్

మా నాన్న కడప దగ్గర మా ఊళ్లో నాడి చూసేవాడు. ఆడవాళ్లకు ఎడమ మణికట్టు, మగవాళ్లకు కుడి. బొటనవేలి కింద మూడు వేళ్లు ఆనిస్తే వాతం పాములా, పిత్తం కప్పలా, కఫం హంసలా నడుస్తుందని నాకూ నేర్పాడు. నేర్పి ఏం లాభం? కువైట్‌కు గిన్నెలు తోమడానికి వచ్చాను.

జాబ్రియాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం 'మామా' అని పిలిచేదాన్ని. వాళ్లమ్మను నేను అవ్వా అనేదాన్ని. ఆమెకు గుండెజబ్బు. రోజూ పొద్దున్నే పరగడుపున నా ముందు చేయి చాపేది.

"షర్క్ పేటలో చైనా వైద్యుడొకడు కూడా నీలాగే మూడు వేళ్లు పెట్టేవాడు. నాడి తీగలా బిగిసింది అనేవాడు. మీ నాన్న ఏమంటాడు?" అని వేళాకోళం చేసేది.

నాడి చెడితే నాన్న ఏమీ అనడు. "చావు మాట నోటితో జెప్పగూడదమ్మీ" అనేవాడు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచొచ్చేవాడు. ఇదంతా ఒకరోజు అవ్వకు వాగేశాను. నా నోటికి తాళమేది!

ఇరాకీ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన మూడో వారానికి అవ్వ మాత్రలు అయిపోయాయి. మందుల షాపులు మూసేశారు. ఆస్పత్రికి వెళితే ఇవ్వడానికేమీ లేదన్నారు. పిల్లల్ని తీసుకుని ఎడారి దారిన సౌదీ వెళ్లిపోవాలని మామా కారు సిద్ధం చేసింది. తల్లి ఆ ప్రయాణానికి తట్టుకుంటుందా? అడగడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

"అమ్మ చెయ్యి చూడు" అంది మామా.

చూశాను. పాము లేదు, కప్ప లేదు, హంస లేదు. నాలుగడుగులు వేసి ఆగుతోంది, మళ్లీ తడబడుతోంది. ఓరి దేవుడా, తెలిసి మాత్రం నేనేం చేసేది? ఇంట్లో ఒక్క మాత్ర లేదు.

మామా నా ముందు చాయ్ గ్లాసు పెట్టింది. తాగుదామనే అనుకున్నాను. చేయి కదల్లేదు. తలెత్తితే అవ్వ ఆ గ్లాసు వైపే చూస్తోంది.

"బాగానే ఉందట" అంది కూతురితో, నేను నోరు తెరవకముందే. "కానీ ఈ ఎండలో కారులో కూర్చోవడం నా వల్ల కాదు. పిల్లల్ని తీసుకుని నువ్వెళ్లు. నాకు ఇది తోడుంటుంది. యల్లా, బయల్దేరు!"

మామా ఏడ్చింది, బతిమాలింది. చివరికి నా వైపు తిరిగి "నిజమేనా?" అంది. తల ఊపాను. ఆ ఊపిన తలను ఈనాటికీ తిట్టుకుంటాను.

కారు వీధి మలుపు తిరిగేదాకా అవ్వ కిటికీ దగ్గర నవ్వుతూ చేయి ఊపింది. తర్వాత మంచం మీద కూలబడి, చల్లారిన గ్లాసు నా వైపు జరిపింది.

"ఖలాస్, వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు తాగు."