చాపిన చెయ్యి

బస్సులో పక్కవాళ్ళతో మాట కలిపే అలవాటు నాకు లేదు. ఆరోజు పటాన్‌చెరులో ఎక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి, సంచిలోంచి టార్చిలైటు లాంటిది తీసి మీట నొక్కింది. కొసనున్న రెండు ఇనుప మొనల మధ్య నీలి మెరుపు చిటపటలాడింది. ఉలిక్కిపడ్డాను.

“భయపడకక్కా, షాక్ కొట్టే మిషిన్. కంపెనీ నుంచి బస్టాపు దాంక ఒక్కదాన్నే నడిచొస్త గద, అందుకే కొన్న.”

“పనిచేస్తుందా?”

“ఏమో! మందం బట్టలుంటే తగలదంట. ఒంటికి ఆనిచ్చి జెరసేపు ఒత్తిపట్టాలె. ఒకసారి నాకు నేనే పెట్టుకున్న గానీ, చెయ్యి గుంజుకున్న.” చున్నీ జరిపి ముంజేయి నా ముందుకు చాపింది. “జెర నువ్వు ఒత్తిపట్టక్కా.”

“వద్దమ్మా! గుండెకేమైనా అయితే?”

“గందుకే రూముల మల్ల పెట్టుకోలే. ఆడ ఒక్కదాన్నే ఉంట. ఈడ పడిపోతే నువ్వుంటవు గద.”

నేను ఆ మిషన్ ముట్టుకోలేదు. చాపిన చెయ్యి కాసేపటికి తనే వెనక్కి తీసుకుంది. ఇస్నాపూర్‌లో దిగిపోయింది.

అమీన్‌పూర్‌లో నేనొక్కదాన్నే ఉండే ఫ్లాటుకు రెండో తాళంచెవి ఒకటి ఉంది. ఆ వారమే దాన్ని ఎదురు ఫ్లాటావిడకు ఇచ్చాను. ఇన్నేళ్ళకు ఆమె పేరు అప్పుడే అడిగాను.