అరసవల్లి చేరని ముడుపు

చీపురుపల్లి రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో నాకు ఏడు గదుల లాడ్జి ఉంది. బస, పొద్దున టిఫిను. ఇంటర్నెట్‌లో దాని పేరు వెతికితే, ఉండి వెళ్లినవాళ్లు రాసిన అభిప్రాయాల కింద నా తరఫున ఒక జవాబు కొన్ని వారాల పాటు కనిపించేది. "ఇది మా సిబ్బందిలో ఒకరు మాకు తెలియకుండా చేసిన పని. ఆమెపై తగిన చర్య తీసుకున్నాం" అని అందులో ఉండేది. ఆ రెండు వాక్యాలూ అబద్ధాలు. ఆ పని నేను చెయ్యమంటేనే ఆమె చేసింది. ఆ జవాబు ఊళ్లో చాలామంది చదివారు. ఇదీ చదవాలని రాస్తున్నాను.

ఆమె లాడ్జి తెరిచిన ఏడాది నుంచీ మాతోనే ఉంది. గదులు తుడిచి, దుప్పట్లు మార్చి, పొద్దున ఇడ్లీ, ఉప్మా వండేది. ఊరికి ఆనుకుని ఉన్న పల్లెలో వాళ్లకి కాస్త వరి పొలం ఉంది. నాకంటే ఐదారేళ్లు పెద్ద. మా వైపు అక్కను పిలిచినట్టు నేను అప్పా అని పిలిచేవాణ్ని, ఆమె నన్ను బాబూ అనేది.

ఆ ఏడాది ఆమె మాటల్లో ఎప్పుడూ ఘటమే. వాళ్ల పల్లె అమ్మవారి పండగకు పసుపు రాసి వేపాకు కట్టిన కుండను ఒక ఆడమనిషి తల మీద పెట్టుకుని తొమ్మిది రోజులు ఇంటింటికీ తిరుగుతుంది. ఆమె కాళ్ల మీద ప్రతి గడప దగ్గరా పసుపు నీళ్లు పోస్తారు. ఏటికొక ఇంటికి వంతు. తిరిగి తిరిగి ఆ వంతు ఇన్నేళ్లకు ఈమె ఇంటికి వచ్చింది.

"ఏటప్పా, తొమ్మిది రోజులు మోస్తే మెడ పట్టేస్తాది, సూసుకో" అని నేను వేళాకోళం ఆడితే, చేతిలో దుప్పటి దులుపుతూ అనేది: "పడితే పట్టనీ బాబూ. మా అత్త ఎత్తినప్పుడు నాను కొత్త కోడల్ని. ఆయమ్మ కాళ్ల మీద బిందెడు నీళ్లు పోసినాను. మళ్లీ ఇన్నాళ్లకి మా గడపకొచ్చినాది."

ఇక ఆ యంత్రం సంగతి. విజయనగరంలో లాడ్జి నడిపే మా బావ ఒకరోజు వచ్చి, నేను ఎవరికో ఇంగ్లీషులో జవాబు రాయడానికి తంటాలు పడుతుంటే చూసి పగలబడి నవ్వాడు. "ఒరే, నీ ఇంగిలీసు సూసి, రాబోయేవోడు కూడా ఆగిపోతాడ్రా. ఇలగియ్యి ఫోను." అతనే నా ఫోనులో కృత్రిమ మేధ ఉన్న ఒక యాప్ పెట్టి, లాడ్జి వాట్సాప్ నంబరుకు కలిపాడు. గది ఖాళీ ఉందా, వేడినీళ్లు వస్తాయా, స్టేషన్ ఎంత దూరం, ఎవరేం అడిగినా నా బదులు అదే చెప్పేది. బరంపురం వాళ్లకు ఒడియాలో, కలకత్తా వాళ్లకు హిందీలో. అభిప్రాయాల కింద జవాబులు కూడా రాసి చూపించేది. నేను సరే అంటే పెట్టేసేది. నీళ్లు రాలేదని ఎవరైనా తిడితే, నేనైతే పది సాకులు వెతికేవాణ్ని. అది మాత్రం ముందు క్షమాపణ చెప్పేది. నెల తిరిగేసరికి నేను ఫోను వైపు చూడటమే తగ్గించాను.

ఒక పెళ్లికి బరంపురం నుంచి వచ్చిన తెలుగు కుటుంబం మా దగ్గర దిగింది. భార్యాభర్తలు, ఏడెనిమిదేళ్ల పాప. పెళ్లయ్యాక మర్నాడు ఆదివారం తెల్లవారుతూనే గది ఖాళీ చేసి అరసవల్లి బయల్దేరారు. పాపకు కంటి జబ్బు వచ్చి నయమైందట, సూర్యనారాయణ స్వామికి మొక్కు ఉందట. ఆ మాట ఆ పాప తల్లి టిఫిను తింటూ ముందురోజే నాకు చెప్పింది. ఇది నేను దాచకూడదు. వాళ్ల మొక్కు ఏ దేవుడికో నాకు తెలుసు.

ఆ పొద్దున పది గంటలకు అప్ప వాళ్ల గది తుడిచి కిందికి వచ్చింది. అరచేతిలో పసుపు గుడ్డ మూట.

"బాబూ, మేకుకి ఏలాడతన్నాది. ముడుపు. మర్సిపోనారు పాపం."

ముడుపును పరాయివాళ్లు విప్పరు. మేమూ విప్పలేదు. లోపల ఏముందో ఇద్దరికీ తెలియదు. నా ముందు పెళ్లికొచ్చిన మరో గుంపు గదుల కోసం నిలబడి ఉంది. ఆ గదులు ఇంకా సిద్ధం కాలేదు.

"మైల తగిలే సోటు అప్పా ఇది, ఇక్కడెక్కడ పెడతాం? ఈది సివర అమ్మవారి హుండీలో ఏసీ."

ఆమె కదల్లేదు. "ఏ దేముడికి కట్టినారో ఏటో. ఒక్క పోను సేసి అడగవా?"

"ఏ దేముడైతే ఏటి? అందరూ ఒకటే. నువ్వు బేగి ఏసొచ్చి ఆ మూడో నంబరు తుడు."

ఆమె వేసి వచ్చింది.

నేను చూడని ఫోనులో అప్పటికే గంట క్రితం ఆ పాప తండ్రి సందేశం ఉంది. గుడి వరసలో నిలబడ్డాక గుర్తొచ్చిందట. ముడుపు గదిలో ఉండిపోయింది, దయచేసి తీసి ఉంచండి, సాయంత్రం వస్తాం, మళ్లీ దర్శనానికి వెళ్తాం అని. దాని కింద నా పేరు మీద జవాబు కూడా ఉంది: "నిశ్చింతగా ఉండండి. మీ ముడుపును భద్రంగా ఉంచుతాం."

సాయంత్రం ముగ్గురూ వచ్చి నా ముందు నిలబడ్డారు. అప్పుడు ఫోను తీసి చదివాను. అప్ప అప్పటికే పని ముగించుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆమె ఎదురుగా లేకపోవడం నాకు ఎంత వీలైందో తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

"పొరపాటు జరిగిందండీ. మా పనావిడ హుండీలో వేసేసింది" అన్నాను. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. సగం మాత్రమే చెప్పాను.

ఆ ముడుపులో వెండి కళ్లు ఉన్నాయని అప్పుడు తెలిసింది. పాప చూపు మందగించిన రోజుల్లో మొక్కుకుని చేయించినవి. ఒక దేవుడికి మొక్కినవి ఇంకో దేవత హుండీలో పడ్డాయి.  ఆ తల్లి పాపను దగ్గరికి లాక్కుని, చేత్తో దాని కళ్లు మూసి, అలాగే నిలబడింది. తండ్రి మాత్రం, "ఉంచుతామని రాసింది మీరు కాదా?" అని అడిగాడు. "నేనే" అన్నాను.

రెండు రోజుల తరవాత ఆయన ఇంటర్నెట్‌లో అందరూ చదివేలా రాశాడు. భద్రంగా ఉంచుతామని చెప్పి దేవుడి సొమ్ము మాయం చేశారని. యాప్ జవాబు రాయడానికి ముందు, ఏం జరిగిందో చెప్పమని అడిగింది. పనావిడ ముడుపును హుండీలో వేసిందని రాశాను. అప్పుడు అది ఇంకో ప్రశ్న వేసింది: "ఈ పని యాజమాన్యానికి తెలిసే జరిగిందా?"

అడగకపోయి ఉంటే తప్పు దాని మీదకు నెట్టేవాణ్నేమో. అది అడిగింది. ఎదురుగా మనిషి లేడు, నా ముఖం చూసేవాళ్లు లేరు. "కాదు" అని రాశాను. చర్య తీసుకున్నట్టు చేర్చమంటారా అని అడిగితే, "అవును" అన్నాను. చక్కటి తెలుగులో వచ్చింది జవాబు. బావ చదివి, "అబ్బో, కలెక్టరాఫీసు కాయితంలాగున్నాదిరా" అన్నాడు. మర్నాడు పొద్దున ఆమె నాకు ఎప్పటిలాగే టీ తెచ్చి ఇచ్చింది. తాగాను.

పెళ్లివారు ఇదే ఊరివాళ్లు. జవాబును ఫొటో తీసి ఎవరో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో పేరు లేదు. కానీ మా లాడ్జిలో పని చేసే ఆడమనిషి ఒక్కతే. నాలుగు రోజుల్లో ఆ మాట వాళ్ల పల్లె చేరి, ముడుపు తినేసిందన్న మాటగా మారింది. పల్లె పెద్దలు కూర్చుని, ముడుపు మీద మాట పడ్డ చెయ్యి ఘటం ఎత్తకూడదన్నారు.

ఆమె ఆ మధ్యాహ్నం పనికి వచ్చినట్టు రాలేదు. చీర మార్చుకుని వచ్చింది. గదుల కోసం వచ్చేవాళ్లలా నా బల్లకు అవతలే నిలబడింది.

"నామీద ఏదో సర్య తీసుకున్నావంట. ఏటి బాబూ తీసుకున్నావు? నాను రోజూ వస్తన్నాను గదా."

నేను కంగారుగా, అది ఫోను రాసిందప్పా అన్నాను.

"ఫోనుకి నాను తెలుసేటి?" అంది. "సరే, ఆ ఫోను మాట ఒగ్గీ. ఎల్లుండి పెద్దలు మళ్లీ కూకుంటారు. నువ్వొచ్చి ఒక్క మాట సెప్పు. నానే ఏసీమన్నానని. అంతే. నువ్వు సెప్తే ఇంటారు" అంది.

వస్తానన్నాను. వెళ్లలేదు. నా మాట తప్పని తేలితే లాడ్జి పేరు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అంతమంది ముందు నిలబడటానికి భయం. దాని బదులు ఆ యాప్‌తోనే ఒక ఉత్తరం రాయించి, లాడ్జి ముద్ర వేసి, ఆమె కొడుకు చేతికి పంపాను. ఆమె ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా పని చేస్తోందని, ఆమె నడవడిక మచ్చలేనిదని, పేజీ నిండా ఉంది.

మర్నాడు ఆమే ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మా కోడలు సదివినాది. రెండుమాట్లు సదివించుకున్నాను. ఇందులో ఆ మాట నేదు బాబూ."

ఆ తరవాత ఆమె పనికి రాలేదు.

ఘటం వాళ్ల వీధిలోనే ఇంకో ఇంటి ఆవిడ ఎత్తింది. చివరి రోజు ఊరేగింపు మా రోడ్డు మలుపు దాకా వస్తుంది. డప్పుల చప్పుడు విని నేను మేడ మీద నుంచి చూశాను. ఆమె గుంపులో ఉంది. బిందె చంకన పెట్టుకుని ముందుకు వచ్చి, వంగి, ఘటం మోస్తున్న ఆవిడ పాదాల మీద పసుపు నీళ్లు పోసింది. అందరికంటే నిదానంగా, పాదాలు పూర్తిగా తడిసేలా పోసింది. తరవాత బిందె పట్టుకుని పక్కకు తప్పుకుంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమెకు తగలకుండా చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని దాటి వెళ్లారు. అది నేను చూశాను.

గదిలోకి వచ్చి ఫోనులో ఆ జవాబు తీసేశాను. కొత్తది నేనే టైపు చేశాను. హుండీలో వెయ్యమన్నది నేను, ఆమె అడగమంటే అడగనిది నేను, అబద్ధం రాయించింది నేను. అక్షరదోషాలతోనే పెట్టేశాను. బరంపురానికి ఫోను చేశాను. పాప తండ్రి అంతా విన్నాడు. మళ్లీ వెండి కళ్లు చేయించి స్వామికి ఇచ్చేశామని చెప్పాడు. "ఆవిడకి చెప్పారా?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు పొద్దున వాళ్ల పల్లెకు వెళ్లాను. గుడి ముందు పందిరి విప్పుతున్నారు. పెద్దలు అరుగు మీద ఉన్నారు, ఆడవాళ్లు కొళాయి దగ్గర గంగాళాలు తోముతున్నారు. ఆమె వాళ్లకు కాస్త ఎడంగా కూర్చుని తోముతోంది. నేను వెళ్లింది పెద్దల దగ్గరికి. చెప్పాల్సింది చెప్పాను. అరుగు దాటి వినపడనంత చిన్నగా చెప్పాను.

పెద్దాయన కండువా దులుపుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "తొమ్మిది రోజులూ ఎక్కడున్నావయ్యా? సచ్చిపోనావేటి?"

ఆయనే మళ్లీ అన్నాడు:

"ఎత్తాల్సిన ఘటం ఎత్తేసినారు. వంతు ఎల్పోనాది. మళ్లీ ఊరంతా తిరిగి ఆ ఇంటికి రావాలంటే ఈ మనిషి ఉంటాదో, ఉండదో."

నేను తల దించుకుని ఆమె వైపు వెళ్లాను. అప్పా, తప్పయిపోయింది అన్నాను. ఆమె తోముతున్న గిన్నె కింద పెట్టలేదు. నా వైపు చూడలేదు. కొళాయి దగ్గరున్న ఆడవాళ్ల వైపు చూసింది. వాళ్లలో ఆమె వియ్యపురాలూ ఉందని తరవాత తెలిసింది.

"నాకెందుకు సెప్పడం? నాకు తెలుసు గదా" అంది. "ఆ అరుగు మీద సిన్నగా సెప్పినావు. ఈళ్లకి ఇనబళ్లేదు. ఇక్కడ నిలబడి ఇంకోపాలి సెప్పు."

ఎవరో కొళాయి కట్టేశారు. నేను వాళ్ల ముందుకు వెళ్లి, మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.