ఎడమకు తోలు, కుడికి రబ్బరు

బస్టాండు వెనక సందులో చెప్పులు కుట్టే ఆయనకు జనం పెట్టిన పేరు ‘ఇంకో ఏడాది’. ఎంత చిరిగిన జోడు తెచ్చినా “ఇంకో ఏడాది నడుస్తుంది లెండి” అనేవాడు.

ఆ వేసవిలో ఆయన భార్యకు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది గానీ ఎడమ కాలు పైకి లేవడం మానేసింది. ఆసుపత్రి వాళ్లు చేతికి కర్ర ఇచ్చి రోజూ నడవమన్నారు. నడిస్తే పడుతోంది.

జారుతోందనుకుని ఆయన రెండు చెప్పులకూ మందపాటి రబ్బరు అడుగు వేశాడు. మర్నాడే ఆమె వంటింట్లో బోర్లా పడింది.

“పట్టు ఉంటుందనే వేశానే,” అన్నాడు లేవదీస్తూ.

“ఏం పట్టో ఏమో. నేను ముందుకి పోదామంటే ఇది నేలను వదలదు. అచ్చం నీలాగే మొండిది.”

ఆయన నవ్వలేదు. కింద కూర్చుని, ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని చెప్పు తిప్పి చూశాడు. బొటనవేలి దగ్గర రబ్బరు చెక్కుకుపోయి ఉంది. ఆమె జారి పడటం లేదు. కాలు ఆగిపోయి పడుతోంది.

ఎడమ చెప్పు ముందు భాగంలో రబ్బరు పీకి నున్నటి తోలు అతికించాడు. కుడిదాన్ని ముట్టుకోలేదు. ఈసారి కాలు జానెడు జరిగి మళ్లీ ఆగింది. అప్పుడాయనకు తన పనిముట్ల పెట్టె గుర్తొచ్చింది. ఇనుప దిమ్మె లోపలుంటే ఎంత తోసినా కదలదు, తీసేస్తే వేలితో నెట్టినా జరుగుతుంది. పెట్టె అదే, నేలా అదే.

“ముందు బరువంతా కుడికాలి మీద, కర్ర మీద వెయ్యి. ఎడమది తేలికయ్యాక లాగు.”

“పడితే?”

“నేను లేనూ?”

తోలు సిమెంటు మీద సర్రున జరిగింది. ఐదో అడుగుకి ఆయన పట్టుకున్న ఆమె చెయ్యి వదిలేశాడు. ఆ సంగతి ఆమెకు ఎనిమిదో అడుగుకి గానీ తెలియలేదు. తెలిశాక తిట్టింది, ఆగకుండా నడుస్తూనే.

నున్నటి తోలు తడినేల మీద జారిపోతుంది. అందుకని ఆమె లేవకముందే ఆయన లేచి, స్నానాలగది ముందు నేల పొడిగుడ్డతో తుడిచేవాడు.

రెండు నెలలకు ఆ తోలు కాగితంలా అరిగింది.

“ఇంట్లో తిరిగితే ఇంత అరగదే. ఎక్కడికెళ్తున్నావ్?”

“వీధి చివర అక్కావాళ్లింటికి. చెబితే వెనకాలే వస్తావని చెప్పలేదు.”

ఆయన కొత్త ముక్క తీసుకుని, ఈసారి కాస్త మందంగా కోశాడు.